ఓరుగల్లు వీథిలో, ఏడున్నర గంటలకు: ప్రేక్షకుల మాట – ఒక పరిశీలన

వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామం’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీథుల వెంట ఒక రోజంతా తిరుగుతారు. కంటబడిన ప్రతిదానిపైనా ఒక మాట అంటారు. ఆ తిరుగుడులో ఒకచోట ఒక స్త్రీ వాద్యం వాయిస్తూ పలనాటి వీరుల కథను ద్విపదలో పాడుతూ ఉంటుంది. చుట్టూ చేరిన కుర్రవాళ్లు అక్షరం అక్షరానికీ ఊగిపోతూ నోటితో ధ్వనులు చేస్తూ ఉంటారు. కవి ఆ గాయని లయను వర్ణించాడు, ఛందస్సును పేర్కొన్నాడు, విన్నవారి ఉద్వేగాన్ని కూడా నమోదు చేశాడు. పేరు మాత్రం చెప్పలేదు. అదే కావ్యంలో కనిపించే జక్కుల పురంధ్రికీ పేరు లేదు. ప్రతాపరుద్రుని ప్రియురాలు కావడం వల్ల మాచల్దేవికి పేరుంది, చిత్రశాల ఉంది, ఆ చిత్రశాలా ప్రవేశానికి ఉత్సవమూ ఉంది. ప్రసిద్ధి పేరుకు దక్కింది, పాటకు దక్కలేదు. ఈ తేడాను మంచనశర్మ పట్టించుకోడు.

రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలమని ప్రసిద్ధం. మూలం నేడు అలభ్యం. తెలుగు కృతిపై జరిగిన చర్చలో పెద్ద భాగం కర్తృత్వం చుట్టూ, అంటే ఇది వల్లభరాయనిదా శ్రీనాథునిదా అన్న వివాదం చుట్టూ నడిచింది. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి ఈ కావ్యాన్ని విస్తారంగా వాడుకొని తిండి, బట్ట, ఆట, పాట వివరాలను దానినుంచి తవ్వి తీశారు. ఆ ఉపకారం చిన్నది కాదు. అయితే ఆ మార్గంలో ‘క్రీడాభిరామం’ ఒక విషయకోశంగా స్థిరపడిపోయింది. దృశ్యాన్ని చూసినవారు ఏమన్నారు, ఆ అనడంలో వారి విలువలు ఏమిటి అన్న ప్రశ్న వెనుకబడింది. నిజానికి ఈ కృతి ప్రక్రియే మాట. దశరూపకాలలో వీథి అతి తక్కువ పాత్రలతో, ఉక్తిప్రత్యుక్తులతో, ఆకాశభాషితంతో సాగుతుంది. ఇందులో కథ దాదాపు లేదు. చూడటం, చూసినదాని గురించి మాట్లాడటం, అంతే. తెలుగులో ప్రేక్షకుల వ్యాఖ్యనే వస్తువుగా చేసుకొన్న తొలి రచనలలో దీన్ని చేర్చడానికి అభ్యంతరం ఉండనవసరం లేదు.

ప్రేక్షకుల మాటకు శాస్త్రంలోనూ స్థానముంది. నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో భరతుడు ప్రయోగసిద్ధిని దైవికమనీ మానుషమనీ విభజించాడు. చిరునవ్వు, పెద్దనవ్వు, సాధువాదం, ‘అహో’ అనడం, ‘కష్టం’ అనడం మానుషసిద్ధికి వాచిక లక్షణాలు. పులకించడం, లేచి నిలబడటం, ఉత్తరీయాలు విసరడం శారీరకమైనవి. ఓరుగల్లు వీథిలో ఊగిన కుర్రవాళ్లు ఈ లక్షణానికి నిలువెత్తు లక్ష్యాలు. అదే అధ్యాయంలో తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పే ప్రాశ్నికుల జాబితా ఉంది. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, చిత్రకారుడు మొదలైనవారితో పాటు అందులో వేశ్య కూడా ఉంది. శృంగారప్రయోగానికి ఆమె మాట ప్రమాణం. అంటే మాచల్దేవి చూడబడే వ్యక్తి మాత్రమే కాదు, శాస్త్రం ప్రకారం తీర్పరి కూడా. కానీ కొన్ని శ్లోకాల దూరంలోనే భరతుడు వేరే మాట అంటాడు. బాలురు, మూఢులు, స్త్రీలు హాస్యానికీ నేపథ్యానికీ, అంటే వేషానికీ అలంకారానికీ, సంతోషిస్తారని. ప్రేక్షకురాలి అభిరుచిని పైపైదిగా లెక్కకట్టే అలవాటుకు ఇంత పాత ఆధారం ఉందన్నమాట. ఈ నేపథ్యప్రీతి ప్రసక్తి కింద మళ్లీ అవసరమవుతుంది.

భోగేశ్వరాలయం ఉన్న మట్టెవాడ నేటి వరంగల్‌లో కోటకు వెలుపలి పాత వాడలలో ఒకటి. వీథి ఇప్పటికీ అక్కడ వీథే. మారింది వినోదం జరిగే చోటు. మంచనశర్మ నడుచుకుంటూ వెళ్లి చూసినది నేడు ఇంటి లోపలి గదిలోకి వచ్చి కూర్చుంది. ‘స్టార్ మా’లో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసిన ‘కార్తీకదీపం’ రాత్రి ఏడున్నరకు వచ్చేది. తెలుగు రాష్ట్రాలలోని అనేక ఇళ్లలో వంట, భోజనం, పిల్లల చదువు ఆ అరగంట చుట్టూ సర్దుకున్నాయి. మలయాళ ‘కరుత్తముత్తు’కు ఇది తెలుగు రూపం. నల్లని రంగు కారణంగా అవమానాలు పడిన దీప, ఆమెను ప్రేమించి పెళ్లాడి అనుమానంతో దూరం చేసిన వైద్యుడు కార్తీక్, ఆ అనుమానాన్ని పెంచి పోషించిన మోనిత, ఇద్దరు కవల ఆడపిల్లలు. కథ ఇంతే. వంట చేసి బతికే దీప ‘వంటలక్క’ అయింది, కార్తీక్ ‘డాక్టర్ బాబు’ అయ్యాడు. నటి ప్రేమీ విశ్వనాథ్, నటుడు నిరుపమ్ పరిటాల అన్న పేర్లు చాలామంది నోట రెండవ స్థానానికి జరిగాయి. ఓరుగల్లు గాయనికి పేరు లేకపోయింది. ఇక్కడ పేరున్నా పాత్ర దాన్ని కప్పేసింది. పైగా తెలుగు ధారావాహికలలో ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావడం మామూలు. ఆ గొంతు యజమానురాలికి జక్కుల పురంధ్రి పాటి గుర్తింపు కూడా దక్కదు.

ప్రేక్షకురాలు పాత్రనూ నటినీ ఒకటిగా చూస్తుంది కనుక ఆమె మోసపోతున్నదని ఒక వాదం తరచు వినిపిస్తుంది. ఆమె భాషను కొంచెం నిదానంగా వింటే ఈ వాదం నిలబడదు. 2022 మార్చిలో కార్తీక్, దీప ప్రమాదంలో మరణించినట్లు చూపి, కథను పెద్దవారైన కూతుళ్లకు అప్పగించారు. ఆ మార్పును చెప్పుకోవడానికి వరంగల్ ప్రాంతపు వాడుకలో రెండు క్రియలున్నాయి. ఒకటి ‘సచ్చిపోయింది’. రెండవది ‘తీసేసిండ్రు’. మొదటిదానికి కర్త దీప, అది కథలోపలి సంఘటన. రెండవదానికి కర్త కనిపించని ‘వాళ్లు’, దీప కర్మ. అది కథ వెలుపలి చర్య. ఒకే సంభాషణలో, ఒక్కోసారి ఒకే వాక్యంలో, ఈ రెండూ చేరగలవు. శోకం మొదటి క్రియతో, ఫిర్యాదు రెండవదానితో. ఈ వాడుకలో బహువచనపు ‘ఇండ్రు’ చాలా పని చేస్తుంది. రచయిత, దర్శకుడు, చానల్, ప్రకటనదారు అని విడదీయకపోయినా, కథ వెనుక నిర్ణయించేవారు ఉన్నారనీ, వారిని నిలదీయవచ్చనీ ఆ ప్రత్యయానికి తెలుసు. కన్నీళ్లు పెడుతూనే కల్పనను కల్పనగా గుర్తించే ఈ స్థితిని సహృదయతకు బయట ఉంచడానికి కారణం దొరకదు. కరుణరసంలో దుఃఖమే ఆస్వాదంగా మారుతుందని ఆలంకారికులు చెప్పింది ఇటువంటి శ్రోతను దృష్టిలో పెట్టుకొనే కదా.

ఇలాంటి నిలదీతలలో అందరికీ తెలిసినది పితృత్వ పరీక్షకు సంబంధించినది. కార్తీక్ వైద్యుడు. పిల్లలు తన బిడ్డలా కాదా అన్న అనుమానం తీర్చుకోవడానికి డీఎన్‌ఏ పరీక్ష చాలు. అయినా కథ సంవత్సరాల తరబడి ఆ పరీక్షను దాటవేస్తూ సాగింది. దీనిపై వచ్చిన హాస్యానికి లెక్కలేదు. అది హాస్యం మాత్రమేనా? ఔచిత్యభంగం గురించిన విమర్శను పండితభాషలో చెబితే ఒక వ్యాసమవుతుంది, నవ్వుతూ చెబితే కాలక్షేపమవుతుంది. క్షేమేంద్రుడు అడిగినదీ ఇదే జాతి ప్రశ్న: ఈ పాత్ర, ఈ వృత్తి, ఈ సందర్భం ఒకదానికొకటి తగునా? వృత్తిరీత్యా తెలిసి ఉండవలసినది తెలియనట్లుండే నాయకుని అనౌచిత్యాన్ని ప్రేక్షకులు ముందే పట్టుకున్నారు.

నేపథ్యం విషయానికి వస్తే భరతుని మాట వింతగా తిరగబడుతుంది. వర్ణవివక్షను ఖండించడమే ‘కార్తీకదీపం’ ఉద్దేశమని దాని మొదటి భాగాలు చెబుతాయి. కానీ ఆ పాత్రకు నల్లరంగు అలంకరణతో వచ్చింది. నటి మేనిఛాయ అది కాదు. ముఖాముఖి కార్యక్రమాలలో, పండుగ వేదికల మీద ఆమె తన సహజరూపంలో కనిపించినప్పుడల్లా ఈ సంగతి చర్చకు వచ్చింది. తారల ముఖాముఖీలను సాధారణంగా ఊసుపోక కబుర్లుగా కొట్టిపారేస్తారు, చాలా సందర్భాలలో అది న్యాయమే. ‘ఆలీతో సరదాగా’ వంటి కార్యక్రమాల నడక అతిథి బాల్యం, కష్టకాలం, కంటతడి అన్న క్రమానికి అలవాటు పడిపోయింది. అయినా ఆ కుర్చీలో కూర్చున్న నటి ముఖం, ఏడున్నరకు కనిపించే ముఖం పక్కపక్కన నిలిచినప్పుడు ఒక ప్రశ్న పుట్టక తప్పదు. నల్లని స్త్రీ గౌరవం గురించిన కథకు నల్లని నటి ఎందుకు కాలేదు? వేషానికి మాత్రమే సంతోషిస్తారని శాస్త్రం చిన్నచూపు చూసిన కళ్లే, ఆ వేషం దగ్గర ఆగి, కథలోని లొసుగును చూడగలిగే చోటికి చేరాయి.

ఈ ప్రశంసను ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. 1960ల నుంచి వారపత్రికల ధారావాహిక నవలలకు పెరిగిన పాఠకురాళ్లను ఆనాటి విమర్శ ఎంత తేలికగా తీసుకున్నదో తెలిసినదే. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లోని రాజశేఖరం ఆ పాఠకురాళ్లు కోరుకున్న పురుషుడు. డాక్టర్ బాబు అలా కాదు. అతణ్ణి కోరుకోవడం కంటే తిట్టుకోవడమే ఎక్కువ. కోరిక నుంచి తీర్పుకు జరిగిన ఈ ప్రయాణం నవలాకాలానికీ టెలివిజన్ కాలానికీ మధ్య ఒక ముఖ్యమైన తేడా. కానీ ఆ తీర్పు వెంట వచ్చే శిక్ష ఏమిటి? అనుమానించిన భర్తను తప్పుపట్టిన నోరే, ఆ ఇద్దరూ ఎప్పుడు కలుస్తారని అడిగింది. దీప ఒంటరిగా వంట చేసి పిల్లలను పెంచిన ఏళ్లు ఆమె సామర్థ్యానికి నిదర్శనాలు. ప్రేక్షకులు ఆ ఏళ్లను ఆమె ఓర్పుకు నిదర్శనాలుగానే ఎక్కువ మెచ్చారు. సీతను అడవికి పంపడాన్ని తప్పుపడుతూ, పునస్సమాగమం కోసం ఎదురుచూసే శ్రోతల సంప్రదాయం తెలుగునాట కొత్తది కాదు. ప్రేక్షకురాలి విమర్శ నిశితమే. దానికి ఊహించగలిగిన ముగింపు ఇరుకు. ఈ రెండింటినీ కలిపి చూడని అధ్యయనం ఆమెను అమాయకురాలిగానో విప్లవకారిణిగానో చేసి వదిలేస్తుంది.

2022 ఆగస్టులో దీప, కార్తీక్ మళ్లీ కథలోకి వచ్చారు. మరణించినవారిని బతికించిన ఈ మలుపును అభిమానుల విజయంగా చెప్పుకున్నారు. ఈ మాటను కొంత తగ్గించి తీసుకోవాలి. చానల్‌కు చేరేది రేటింగు. వంటలక్క లేని నెలలలో ఆ సంఖ్య పడిపోయిందన్న వార్తలు అప్పట్లో విరివిగా వచ్చాయి. రేటింగు యంత్రానికి తెలిసేది ఏ పెట్టెలో ఏ చానల్ ఎంతసేపు నడిచింది, ఇంట్లో ఎవరు చూశారు అన్నది మాత్రమే. మెచ్చుకుంటూ చూసినా, తిట్టుకుంటూ చూసినా దాని లెక్క ఒకటే. ‘తీసేసిండ్రు’ అన్న ఫిర్యాదుకు సమాధానం వచ్చింది. డీఎన్‌ఏ ప్రశ్నకు, రంగు ప్రశ్నకు యంత్రంలో గడి లేదు. చూడటం మానేస్తే వినబడుతుంది, చూస్తూ ప్రశ్నిస్తే వినబడదు. ప్రేక్షకురాలి అధికారం పెరిగిందన్న మాట నిజమే, కాని ఆమె వాక్యం ఒక అంకెగా కుదించుకుపోయాక పెరిగిన అధికారం అది.

ఇక్కడే వల్లభరాయని పద్ధతికి విలువ. అతడు ఎంతమంది విన్నారో లెక్కపెట్టలేదు. విన్నవారు ఏమి చేశారో, చూసినవారు ఏమన్నారో రాశాడు. అయితే అతడు రాసిన మాట ఇద్దరు పురుషులది. వారి చేతిలో తీరిక ఉంది, రూకలున్నాయి, వీథి అంతా వారిదే. చూడబడినవారిలో ఎక్కువమంది స్త్రీలు. పాడిన స్త్రీ ఆ కుర్రవాళ్ల గురించి ఏమనుకున్నదో, మాచల్దేవి తన చిత్రశాలలో బొమ్మలను మెచ్చిన అతిథుల గురించి తరువాత ఎవరితో ఏమన్నదో కావ్యంలో లేదు. మట్టెవాడలో నేడు చూస్తున్నదీ మాట్లాడుతున్నదీ ఎక్కువగా స్త్రీలే. వారి మాటను పట్టుకునే మంచనశర్మ లేడు. పరిశోధకులు ధారావాహికల కథాంశాలను సంగ్రహిస్తున్నారు, స్త్రీపాత్రల చిత్రణను వర్గీకరిస్తున్నారు. చూసినవారి క్రియలను, ప్రత్యయాలను, మాండలిక రూపాలతో సహా సేకరించే పని ఇంకా పెద్దగా జరగలేదు. జానపద గేయాన్ని పాడిన మనిషి యాసతో సహా నమోదు చేయడం నేర్చుకున్న తెలుగు శాఖలకు ఆ పద్ధతి కొత్తదేమీ కాదు.

2024 మార్చిలో ‘కార్తీకదీపం: ఇది నవ వసంతం’ మొదలైంది. నటీనటులు ఆ ఇద్దరే, పాత్రల పేర్లూ అవే, కథ మాత్రం వేరు. పాత కథలో జరిగినవేవీ ఈ దీపకు జరగలేదు. అయినా చూసేవారు పాత దీప పడ్డ కష్టాలను ఈ దీప ఖాతాలోనే వేసి మాట్లాడుకుంటున్నారు. వంటలక్క అనే పిలుస్తున్నారు.