మాంత్రికుడికి ఏం కావాలి?

మొన్న విజయవాడ పుస్తకాల పండగలో ఒక కుర్రాడు చందమామ పత్రికలో వచ్చిన సీరియల్ ‘శిథిలాలయం’ పుస్తకం తెరిచి, బొమ్మ దగ్గర ఆగిపోయాడు. వాళ్ళమ్మ పుస్తకం లాక్కుని బల్ల మీద పెట్టేసింది. “మంత్రాలూ మాయలూ చదివితే మూఢనమ్మకాలు పట్టుకుంటాయి. జనరల్ నాలెడ్జి బుక్కు తీసుకో” అంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

బాబాల మీద, తాయెత్తుల మీద ఈ కాలమ్‌లో నేనెంత రాశానో మీకు తెలుసు. ఆ లెక్కన ఆవిడ పక్షాన ఉండాల్సినవాణ్ని. ఉండలేను.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చేతబడి భయం గట్టిగా ఉండేది. మూడు దారుల దగ్గర కోసిన నిమ్మకాయ, కుంకుమ కనిపిస్తే సైన్సు మాస్టారు కూడా చుట్టూ తిరిగి పోయేవారు. పక్కింటి గేదె పాలు ఎగ్గొడితే మంత్రగాణ్ని పిలిపించారు. వాకిట్లో ముగ్గేసి, ఊగి ఊగి, నల్లకోడిపెట్ట, సారాసీసా, కొత్త పంచె కావాలన్నాడు. అందరూ వాడి ఎర్రటి కళ్ళు చూసి వణుకుతున్నారు. నేను వాడి సంచీ చూస్తున్నాను. కోడిపెట్ట కాళ్ళు కట్టి, మడత నలక్కుండా పంచె మీద గుడ్డ కప్పి మరీ సర్దుకున్నాడు.

ఆ చూపు నాకిచ్చింది దాసరి సుబ్రహ్మణ్యం. ‘తోకచుక్క’ మొదలు ‘భల్లూక మాంత్రికుడు’ దాకా చందమామ సీరియళ్ళలో ఆయన ఎంతమంది మాంత్రికుల్ని సృష్టించారో! వాళ్ళలో ఒక్కడూ ఊరికే మంత్రం వెయ్యడు. ఒకడికి నిధి కావాలి, ఇంకొకడికి రాజ్యం కావాలి. వాళ్ళకీ భయం ఉంటుంది, ప్రాణం మీదికొస్తే పరిగెడతారు. ‘జ్వాలాద్వీపం’లో ఉగ్రాక్షుడనే రాక్షసుడైతే చిత్రసేనుడికి తోడుగా నిలబడతాడు. కోరలు చూసి మనిషిని అంచనా వెయ్యకూడదని నాకు అక్కడే తెలిసింది.

సీరియల్ కింద పేరైనా లేకుండా రాసిన దాసరి హేతువాది. 1952 నుంచి పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుకూ మంత్రాల మీద నమ్మకం లేదు. మాయలు నమ్మనివాళ్ళు చెప్పిన మాయకథలు కాబట్టే అవి నన్ను భయపెట్టకుండా, భయపెట్టేవాణ్ని పరిశీలించడం నేర్పాయి. విలేకరినయ్యాక ఏ నాయకుడు బెదిరించినా, ఏ స్వామి అభయమిచ్చినా ముందు వేసుకున్న ప్రశ్న అదే: వీడికేం కావాలి?

ఆ సీరియళ్ళు ఇప్పుడు పుస్తకాలుగా వచ్చాయి. మీ ఇంట్లో కూడబలుక్కుని చదివే వయసు పిల్లలుంటే ముందు ‘జ్వాలాద్వీపం’ కొనివ్వండి. చదివాక నీతి ఏమిటని మాత్రం అడక్కండి.