పని అడిగి పార్టులు చెప్పేవాడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మంచి కంప్యూటర్ అసెంబ్లర్ బడ్జెట్ కన్నా ముందు పని అడుగుతాడు. "బ్లెండర్‌లో రెండరింగా సార్? అయితే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి." రెండర్ చేసే త్రీడీ సీను మొత్తం కార్డు మెమరీలో పట్టకపోతే వేగమంతా వృథా. అందుకే తక్కువ మెమరీ ఉన్న కొత్త కార్డును పక్కనపెట్టి, 24 జీబీల పాత ఆర్‌టీఎక్స్ 3090 వెతికిపెడతాడు. అదొక్కటే 350 వాట్లు లాగుతుంది; పవర్ సప్లైలో పైసా తగ్గించనివ్వడు. కోతంతా రంగు లైట్లకి, అద్దాల క్యాబినెట్‌కి, మదర్‌బోర్డు హంగులకి. ఖరీదైన బోర్డు అంటగడితే తనకే నాలుగు రూపాయలు మిగులుతాయి కదా, అయినా వద్దంటాడు. ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి. 32 జీబీ ర్యామ్‌లు రెండే వేసి, మిగతా రెండు స్లాట్లూ ఖాళీగా వదిలేస్తాడు, చేతిలో డబ్బాడినప్పుడు చూసుకోవచ్చని.