క్రైస్తవసంఘకీర్తనలు: పదశుద్ధివిచారము

కావ్యము చదువువాఁడు అర్థము తెలియనిచోట నాఁగి, వెనుకకుఁ జూచి, నిఘంటువు విప్పి, మరల ముందునకుఁ బోవచ్చును. సంఘమునఁ గీర్తన పాడువానికి ఆ యవకాశము లేదు. తాళము వానికై నిలువదు. ప్రక్కవాని కంఠమును నిలువదు. నోట వెడలిన క్షణముననే పదము తెలియవలయును. అంతియ కాదు. కావ్యమందలి దోషము కవికిఁ జెందును. సంఘకీర్తనయందలి దోషము పాడు ప్రతివాని ప్రార్థనకును జెందును. ఇట్లుండఁగా "భక్తి యుండిన జాలును, వ్యాకరణముతోఁ బనియేమి?" యను మాట క్రొత్తకీర్తనల విషయమునఁ దఱచుగా వినవచ్చుచున్నది. ఆ మాట యెచ్చట నిజమో, యెచ్చట నిజము కాదో విచారింపఁదగును.

తెలుఁగునాఁట క్రైస్తవకీర్తన పరదేశమునుండి యథాతథముగా దిగివచ్చినది కాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) 1833లో బాప్తిస్మము పొంది, పల్లవీచరణములతో రాగతాళబద్ధముగాఁ దెలుఁగునఁ గీర్తనలు రచించెను. తంజావూరి వేదనాయక శాస్త్రి (1774-1864) తమిళమున నిట్టి మార్గమునే త్రొక్కెను. ఈ మార్గము ఫలించుటకుఁ గారణము సుగమము. 1878 జూలై 3వ తేదిని ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మయొద్ద నొక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అట్లు సంఘమునఁ జేరినవారిలోఁ బెక్కండ్రు అక్షరము లెఱుఁగనివారు. వారికిఁ బాటయే పుస్తకము. చరణము తెలిసినవాఁడు పాడును. పల్లవి యందఱును బాడుదురు. నాలుగుమాఱులు పాడునప్పటికి అది కంఠస్థ మగును. ఆంధ్రక్రైస్తవకీర్తనల పుస్తకమున నేఁటికిని పాటలకు రాగతాళములు సూచింపఁబడియుండుట ఈ సంప్రదాయమునకే గుర్తు.

రెండవమార్గము భాషాంతరీకరణము. ఇంగ్లీషుకీర్తనల కర్థమును మాత్రమే కాక వాని స్వరమునుగూడ నిలుపుకొని తెలుఁగుమాటలు కూర్చుట. ఇచ్చటనే చిక్కు గలదు. ఐజాక్ వాట్స్ 1707లోఁ బ్రకటించిన కీర్తనలలోఁ బెక్కింటికి ఆధారమైన కామన్ మీటరు అక్షరసంఖ్యపై నడచును: ఎనిమిది, ఆఱు, ఎనిమిది, ఆఱు. అందు మొదటి యక్షరము తేలికగను, రెండవది యూనికతోను బలుకఁబడును. ఆ భాషయందు విభక్త్యర్థమును దెలుపు చిన్నమాటలు నామమునకు ముందుండును గావున ఆ నడక దానికి సహజము. తెలుఁగున విభక్తిప్రత్యయములు పదము చివరఁ జేరును. అర్థముగల భాగమే ముందువచ్చును. ఆ స్వరమునఁ దెలుఁగుమాట పెట్టినచో ప్రకృతి తేలికయైన చోటను, ప్రత్యయము ఊనికగల చోటను బడును. దేవుని పేరు వినఁబడక "నికి", "తోడ" యనునవి మ్రోగును. భాషాంతరకర్తల భక్తికి గాని పాండిత్యమునకుఁ గాని లోపము లేకున్నను, వారి పాటలు కొన్ని నోటికి బరువైనవనుటకు హేతు విదియే.

తెలుఁగు ఛందస్సునకుఁ బ్రాణము మాత్ర. హ్రస్వము దీర్ఘమైనచో పదమే మాఱును. "దినము" సాగిన "దీనము". "తపము" సాగిన "తాపము". "పడెను" సాగిన "పాడెను". రాగాలాపనయందు అచ్చును సాగఁదీయుట కీర్తనకారుల కందఱకును సమ్మతమేకదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని పదము మొదట స్ఫుటముగా వినఁబడిన పిదప దానిని బెంచుట వేఱు. పదాదిలఘువునే తాళపుమొదటి దెబ్బపై నిడిచేసి, వినువానికిఁ బదాంతరభ్రాంతి గలిగించుట వేఱు. "యేసు" అను పదము గురులఘువులతో మూఁడుమాత్రలు, "క్రీస్తు"ను అంతియే. విడివిడిగాఁ బలికిన నాఱుమాత్రలై తిస్రగతి కొదుగును. ఏకపదముగా నూఁది పలికిన సంయోగమునకు ముందున్న "సు" గురువై యేడుమాత్ర లగును; అప్పుడు మిశ్రగతికిఁ జక్కఁగాఁ జేరును. ఇట్టి సౌలభ్యమును భాషయే యొసఁగుచుండఁగా దాని నెఱుఁగక వరుసను ముందు నిర్ణయించి మాటలను దానిలోఁ గ్రుక్కుట యేల?

అంతకంటెను ముఖ్యమైనది సర్వనామవిషయము. ఇంగ్లీషున నొక్కమాటతోఁ జెప్పునది తెలుఁగున రెండు: "మేము", "మనము". మొదటిది వినువానిని విడిచిపెట్టును, రెండవది కలుపుకొనును. ప్రభువు నేర్పిన ప్రార్థన తెలుఁగున "మా" యను పదముతోనే నడచును, అది యుచితము. క్రొత్తపాటలలోఁ గొన్నింట దేవుని సంబోధించుచునే "మన పాపములు క్షమింపుము" అను తీరున నడచు మాటలు గానవచ్చును. వ్యాకరణప్రకారము దీని యర్థము, వినుచున్న దేవుఁడును బాపులలో నొకఁ డగుట. పాడువారి హృదయమున నట్టి భావము లేదు. కాని మాట యదియే చెప్పుచున్నది. సంఘస్థు లొకరి నొకరు హెచ్చరించుకొనునపుడు "మనము", దేవుని వేఁడునపుడు "మేము" అనుట పసిబిడ్డ యెఱిఁగిన భేదము. దానిని బాటించుటకుఁ బాండిత్య మక్కఱలేదు. ఎవరితో మాటలాడుచున్నామో మఱవకుండుట చాలును.

క్త్వార్థకప్రయోగమును నిట్టిదే. రెండుక్రియలకుఁ గర్త యొక్కఁడే యైనప్పుడు పూర్వక్రియకు క్త్వాప్రత్యయమును బాణిని విధించెను. తెలుఁగున "చేసి", "వచ్చి" మున్నగు రూపములకు సామాన్యముగా నదియే న్యాయము. "నీవు సిలువపై మరణించి మేము జీవించితిమి" యని వ్రాసిన నన్వయము చెడును. "నీవు" అను పదము చరణపుమొదట నుండి, "మరణించి" యనునది చివర నిలిచి, "జీవించితిమి" యని పల్లవి యెత్తుకొన్నచో వినువానికి మరణించినది పాడువారే యని తోఁచును. "నీవు మరణింపఁగా మేము జీవించితిమి" యన్నఁ జాలును. ఎవరు మరణించిరి, ఎవరు జీవించిరి యనునదే ఆ మతమునకు మూలము. ఆ మూలము ఒక్క ప్రత్యయముపై నిలిచియున్నది. చరణము ముగిసిన ప్రతిసారియుఁ బల్లవితోఁ గలసి యేకవాక్యమగునో కాదో పరీక్షించుట కీర్తనకారుని మొదటి ధర్మము.

ఇఁక సడలింపఁదగిన నియమములు లేకపోలేదు. యతిప్రాసలు చెవికింపైనవి, జ్ఞాపకమునకుఁ దోడైనవి. కాని వానికొఱకు వ్యర్థపదములు చేర్చుటకంటె వానిని విడుచుట మేలు. సంధి నిత్యమని పట్టుపట్టి పదముల నతుకుటవలన సంఘమున నర్థము మఱుఁగుపడును. విసంధి యిచ్చట దోషము గాదు. దీర్ఘసంస్కృతసమాసము పండితునికి రుచించును గాని పొలమునుండి వచ్చిన స్త్రీకి నోరు తిరుగదు. లూథరు 1523లో నొకమిత్రునకు లేఖ వ్రాయుచు, కీర్తనలను జనులభాషలోఁ గూర్పుమనియు, క్రొత్తమాటలును రాజాస్థానపుమాటలును వలదనియుఁ గోరెను. ఆ కోరిక తెలుఁగునకును వర్తించును. సరళభాష వేఱు, తప్పుభాష వేఱు. పల్లెపాటలు సరళములు, వానిలో "మేము", "మనము" తాఱుమాఱు కావు.

1947లో దక్షిణహిందూదేశసంఘ మేర్పడి పలుసంప్రదాయములవా రేకమైరి. 1963లో రెండవ వాటికన్ మహాసభ కతోలిక పూజావిధియందు దేశభాషలకుఁ జోటిచ్చెను. క్రొత్తకీర్తనల యవసరము పెరిగెను, రచయితలును బెరిగిరి. కాని క్యాసెట్లు వచ్చినది మొదలు నేఁటి యంతర్జాలమువఱకు, పాట పెక్కుచోట్ల సంఘమునకుఁ గాక యొక్క గాయకునికై కూర్పఁబడుచున్నది. స్వరము రెండుస్థాయులు దాఁటును; నడుమ వాద్యములు చిరకాలము మ్రోగును; పల్లవి యెచ్చట నెత్తుకొనవలయునో సంఘమునకుఁ దెలియదు. అట్టి పాట వినుటకు హృద్యమే కావచ్చును. కాని ముసలివారును బిల్లలును బాడలేక యూరకుండినచోఁ దాని పేరు సంఘకీర్తన కాదు.

క్రొత్తవారి కొకమార్గము స్పష్టముగాఁ గానవచ్చుచున్నది. హెబ్రీకీర్తనలకు ఆధారము అంత్యప్రాస కాదు, అక్షరసంఖ్య కాదు. ఒక భావమును రెండుపాదములలో రెండువిధములఁ జెప్పుట. ఆ లక్షణమును రాబర్టు లౌత్ 1753లో వివరించెను. అంత్యప్రాస భాషాంతరమున నశించును; సమానభావపాదములు నశింపవు. తెలుఁగు పల్లవీచరణముల కవి మిక్కిలి యనుకూలములు. మూలమున నింగ్లీషువరుసను గాక ఆ హెబ్రీపద్ధతిని బట్టి, తెలుఁగుమాత్రలలోఁ గూర్చినచో రెంటికిని న్యాయము జరుగును. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి నందిన జాషువ "క్రీస్తుచరిత్ర" చదువుటకుఁ దగిన తెలుఁగుపద్యము క్రైస్తవవస్తువునకు లోటులేదని చాటినది. పాడుటకుఁ దగిన తెలుఁగు అంతకంటెఁ దేలిక మాటలతోఁ గావలెను, అంతే శుద్ధముగాఁ గావలెను. భక్తి కలవాఁడు పలుకును దిద్దుకొనుటయు భక్తియే. ఏలయన ఆ పలుకు వాని నోటితో ముగియదు, అక్షరమెఱుఁగని వేలమంది దానిని తమ మాటగా నమ్మి పాడుదురు.