టోల్ గేటు దగ్గర చట్టం, బస్ స్టాపు దగ్గర దయ

నెల్లూరు నుంచి రొయ్యల లోడుతో చెన్నై రేవుకు పోయే లారీ పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోల్ గేట్లు దాటుతుంది. ఎక్కడా డ్రైవరు జేబులో చెయ్యి పెట్టడు. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ కూడా ఉండదు. గేటు మీది రీడరు పంపే రేడియో తరంగంతోనే అది మేలుకుని తన నంబరు చెబుతుంది. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు ఒకటి, టోల్ జమ అయ్యే బ్యాంకు ఇంకొకటి, నడుమ లెక్క తేల్చేది ఎన్‌పీసీఐ. రాష్ట్ర సరిహద్దు దాటితే బోర్డుల మీద తెలుగు పోయి తమిళం వస్తుంది గానీ ట్యాగ్ మార్చుకోనక్కర్లేదు.

అదే జిల్లాలో పొద్దున్నే మైపాడు రోడ్డులో ఇందుకూరుపేట దగ్గర పనికి పోయే ఆడవాళ్లు బస్సు కోసం నిలబడి ఉంటారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగులో వాళ్లకు ప్రయాణం ఉచితం. కానీ షేర్ ఆటో ముందొచ్చి ఆగుతుంది. ఎక్కాలా, ఉండాలా? బస్సు పది నిమిషాల్లో వస్తుందని తెలిస్తే ఉంటారు. అరగంట పడుతుందేమో, ఆలస్యమైతే కూలి తెగుతుందేమో అనుకుంటే ఆటో ఎక్కి డబ్బులిస్తారు. బస్సు వేళ తెలియని చోట ఉచిత టికెట్ విలువ సగానికి పడిపోతుంది.

ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. టోల్ గేటు దగ్గర పనిచేస్తున్నది ఒక ఉమ్మడి ప్రమాణం. ఏ కంపెనీ లారీ అయినా, ఏ బ్యాంకు ట్యాగ్ అయినా, దేశంలో ఏ గేటయినా ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలని ముందే రాసుకున్న ఒప్పందం. బస్సుకూ అలాంటిదే ఉంది. దాని పేరు జీటీఎఫ్ఎస్. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి దాన్ని తయారుచేశాయి. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. మామూలు టెక్స్ట్ ఫైళ్లు కొన్ని చాలు. ఒకదాంట్లో స్టాపులు, ఒకదాంట్లో రూట్లు, ఒకదాంట్లో ట్రిప్పులు, ఇంకొకదాంట్లో ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్నింటికి చేరుతుంది, ఎన్నింటికి బయల్దేరుతుంది. ప్రతి స్టాపుకూ ఒక గుర్తు, అక్షాంశం, రేఖాంశం. నెల్లూరులోని మైపాడు గేటు దగ్గర ఊళ్లోకి వచ్చే వైపు స్టాపు వేరు, సముద్రం వైపు వెళ్లే స్టాపు వేరు. రాత్రి పదకొండున్నరకు బయల్దేరిన బస్సు ఒంటిగంటా పది నిమిషాలకు చేరితే దాన్ని 25:10 అని రాస్తారు. తేదీ మారినా ట్రిప్పు తెగిపోకుండా చేసిన ఏర్పాటు అది. డిపోలో షెడ్యూళ్లు వేసే ఉద్యోగికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. ఆయన దగ్గరున్న పట్టికే ఇది, వరసలు మారతాయి అంతే.

మరి ఒకటి ఊరూరా చేరితే రెండోది ఎందుకు వెనకబడింది? ఫాస్టాగ్ కూడా తనంత తాను వ్యాపించలేదు. 2010లో నందన్ నీలేకని కమిటీ రేడియో ట్యాగ్ పద్ధతిని సిఫారసు చేసింది. అయినా ఏళ్ల తరబడి జనం నగదుతోనే దాటారు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ట్యాగ్ లేని బండికి రెట్టింపు వసూలు మొదలయ్యాక కథ పూర్తిగా మారింది. వసూలు చేసుకోవలసిన డబ్బు ఉంది కనుక ప్రమాణం వెనక చట్టం నిలబడింది. బస్సు వేళలు ప్రజలకు ఇవ్వవలసినవి. వాటి వెనక అలాంటి చట్టమేదీ నిలబడలేదు, సంస్థల మంచితనానికి వదిలేశారు.

బస్సుల్లో ప్రమాణాలే లేవని కాదు. ఏఐఎస్-140 అనేది ఒకటుంది. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రయాణికుల వాహనాల్లో, ఆటోల వంటివి మినహా, ఈ ప్రమాణం ప్రకారం లొకేషన్ పరికరం, ఆపద మీట ఉండాలి. బస్సు ఎక్కడుందో కంట్రోల్ రూముకు తెలపడానికి పెట్టిన నిబంధన అది. స్టాపులో నిలబడ్డ మనిషికి తెలపాలన్న నిబంధన దాని పక్కన లేదు. ఏపీఎస్ఆర్టీసీకి లైవ్ ట్రాక్ యాప్ ఉంది, హైదరాబాదులో 2023లో ‘గమ్యం’ వచ్చింది. రెండూ మంచి పనులే. అయితే యాప్ వేరు, ప్రమాణం వేరు. యాప్‌లో ఉన్నది ఆ యాప్ పెట్టుకున్నవాళ్లకే. ప్రమాణంలో రాసి బయటపెట్టినది ఏ మ్యాపుకైనా, ఏ కాలేజీ కుర్రాడు చేసే ప్రోగ్రాముకైనా, కలెక్టరేట్‌లో రూట్లు సరిచూసే అధికారికైనా అక్కరకొస్తుంది.

ఈ తేడా చూడటానికి మనం విదేశాలకు పోనక్కర్లేదు. 2018 మార్చిలో కొచ్చి మెట్రో తన రాకపోకల సమాచారాన్ని జీటీఎఫ్ఎస్‌లో అందరికీ తెరిచింది. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ప్రభుత్వం ఐఐఐటీ-ఢిల్లీతో కలిసి బస్సుల స్థిర పట్టికతో పాటు కదలికలనూ బయటపెట్టింది. ఇక మన పొరుగునే చెన్నై. 2025 సెప్టెంబరులో అక్కడ మొదలైన ‘చెన్నై వన్’ యాప్‌లో సిటీ బస్సుకూ, మెట్రోకూ, లోకల్ రైలుకూ ఒకే క్యూఆర్ టికెట్. ఆ లోకల్ రైళ్లే ఉత్తరాన సూళ్లూరుపేట దాకా వస్తాయి. అక్కడ రైలు దిగి నెల్లూరు మీదుగా కృష్ణపట్నమో, కోడూరో పోవాలనుకునే మనిషి మళ్లీ ఎంక్వైరీ కౌంటరు ముందు నిలబడాల్సిందే. లారీకి లేని సరిహద్దు మనిషికి ఎందుకుండాలి?

ఇందులో జాగ్రత్త పడాల్సిన మాట కూడా ఒకటుంది. 2018లో లాస్ ఏంజెలెస్ నగరం వీధుల్లో అద్దెకు దొరికే స్కూటర్ల కోసం ఎండీఎస్ అనే ప్రమాణం తెచ్చింది. ప్రతి స్కూటరూ ఎక్కడ బయల్దేరింది, ఏ దారిన పోయింది, ఎక్కడ ఆగింది అన్నది కంపెనీలు నగరానికి చెప్పాలి. వీధి నగరానిది కనుక లెక్క అడిగే హక్కు నగరానికుందన్నది వాళ్ల వాదన. పేర్లు లేకపోయినా రోజూ ఒకే ఇంటి ముందు మొదలయ్యే ప్రయాణం ఎవరిదో పట్టేయవచ్చని పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ 2020లో కోర్టుకెళ్లింది. 2022లో అప్పీలు కోర్టులోనూ ఓడింది. గెలుపోటముల మాటెలా ఉన్నా ఆ భయం న్యాయమైనదే. ఫాస్టాగ్ విషయంలోనూ అది వర్తిస్తుంది: ఏ బండి ఎన్నింటికి ఏ గేటు దాటిందో అది రాసిపెడుతుంది.

నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇక్కడే. మనుషుల కదలికలను నమోదు చేసే ప్రమాణం తప్పనిసరి అయింది. మైపాడు బస్సు ఎన్నింటికో చెప్పే ప్రమాణం ఎవరి గుట్టూ బయటపెట్టదు. అది ప్రభుత్వ సంస్థ తన పని తాను ప్రకటించడం మాత్రమే. ఏ హానీ లేనిది ఐచ్ఛికంగా మిగలడం పాలనలో ఎవరికి ప్రాధాన్యం ఉందో చెబుతోంది.

షేర్ ఆటోలకు వేళాపాళా ఉండదు కనుక ఇది కుదరదనేవాళ్లు నైరోబీని చూడాలి. అక్కడి మటాటులు మన షేర్ ఆటోల్లాగే నిండితే కదిలే చిన్న బండ్లు. నైరోబీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఫోన్లు పట్టుకుని వాటిలో తిరిగి, నూటముప్పైకి పైగా దారులను జీటీఎఫ్ఎస్‌లోకి ఎక్కించారు. 2014 నాటికి ఆ నగరానికి మటాటుల మ్యాపు ఉంది. కాకుటూరులో మన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. తీర గ్రామాల నుంచి రోజూ బస్సుల్లో, ఆటోల్లో వచ్చే విద్యార్థులున్నారు. ఆ పని వాళ్లూ చేయగలరు.

ఏపీఎస్ఆర్టీసీని కోరేది పెద్ద ప్రాజెక్టేమీ కాదు. నెల్లూరు డిపోల నుంచి మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు తిరిగే బస్సుల వేళల పట్టికను ముందుగా జీటీఎఫ్ఎస్ ఫైలుగా చేసి, ఎవరైనా దింపుకునేలా సంస్థ వెబ్‌సైట్లో పెట్టండి. సర్వీసు రద్దయినా, వేళ మారినా అదే రోజు ఫైలు సరిచేయండి.