తనయులు తెచ్చిన కీర్తి

మలక్‌పేట పందెపు మైదానమున, పరుగునకు ముందు జనులు కొని, పెన్సిలుతో గీతలు గీసికొనుచు తలలు వంచి చదివెడు చిన్న పుస్తకములో ప్రతి గుఱ్ఱము పేరు క్రిందను దాని రంగు, వయస్సు, ఆ వెనుక తండ్రి పేరు, తల్లి పేరు వరుసగా ముద్రించి యుండును. పందెము కాయువారు జాకీ యెవరు, బరువెంత, క్రిందటి పరుగులో ఏ స్థానమున వచ్చినది అని చూచుకొని, ఆ తల్లిదండ్రుల పంక్తిని తఱచుగా దాటిపోదురు. పందెము కాయు అలవాటు లేని నాకు మాత్రము ఆ పుస్తకములో చదువదగినది ఆ పంక్తి యొక్కటియే. 1868లో మౌలాలిలో ఆరంభమై, 1886లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఏలుబడిలో మలక్‌పేటకు తరలివచ్చిన ఈ పందెములను కొందఱు జూదమనియు, కొందఱు వేడుకయనియు, 1996లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన పిదప మఱికొందఱు నైపుణ్యముతో కూడిన క్రీడయనియు పిలుచుచున్నారు; వంశవిద్య యని పిలిచినవారిని నేను చూడలేదు. గోల్కొండ డెర్బీ పరుగు రెండున్నర నిమిషములలో ముగిసిపోవును. ఆ కొద్దిపాటి కాలమును సిద్ధపఱచుటకు ఐదేండ్లు పట్టుననియు, ఆ ఐదేండ్లలో తొలి భాగము గడచుచోటు మలక్‌పేట కాదనియు ఎఱిగినవారు తక్కువ.

మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోవు త్రోవల వెంబడి, ఒకప్పుడు అనాబేషాహీ ద్రాక్షపందిళ్ళు పఱచుకొని యుండిన ఎఱ్ఱచెలకలలో, ఇప్పుడు ప్రహరీగోడలును, ప్లాట్ల హద్దురాళ్ళును, మందుల కంపెనీల షెడ్లును నిండిపోయిన నడుమ, కంచెల వెనుక గుఱ్ఱపుపిల్లలు పరుగులెత్తుటకు చాలినంత బయలు అచ్చటచ్చట ఇంకను మిగిలియున్నది. అట్టి యొక క్షేత్రమున పశువైద్యము చేయు మిత్రుని వెంట నేను అప్పుడప్పుడు పోవుచుందును. ఆ క్షేత్రమున ఒక బీజాశ్వము కలదు. దాని పేరు ఇచట వ్రాయను. యజమాని పత్రికలకెక్కుట ఇష్టపడువాడు కాడు. విదేశమున పుట్టి, అచట ఓ మోస్తరుగా పరుగెత్తి, ఈ దేశమునకు దిగుమతియై వచ్చిన ఆ కుమ్మైతు గుఱ్ఱమును మొదటి యేండ్లలో అడిగినవారు లేకుండిరట. పిమ్మట దాని కూతురొకతె మలక్‌పేటలో గెలిచినది. మఱుసటి శీతకాలమున కొడుకులు గెలిచిరి. అంతటితో ఇతర క్షేత్రముల ఆడుగుఱ్ఱములు నాగపూరు రోడ్డు మీదుగా లారీలలో దిగజొచ్చినవి. గుఱ్ఱము మాఱలేదు. దాని మేత మాఱలేదు, శాల మాఱలేదు. మాఱినది లోకుల దృష్టి.

లారీలు ఏల రావలయుననగా, పాడిపశువులలో కృత్రిమ గర్భధారణము పల్లెపల్లెకు పాకిన ఈ కాలమునను, థరోబ్రెడ్ అను పందెపు గుఱ్ఱముల జాతికి అది నిషిద్ధము. అట్లు పుట్టిన పిల్లను ఏ దేశపు స్టడ్‌బుక్కును ఎక్కించుకొనదు. పుణెనుండి వ్యవహరించు మన స్టడ్‌బుక్కు కూడ ఎక్కించుకొనదు. ఆడుగుఱ్ఱము స్వయముగా రావలయును, మగగుఱ్ఱము స్వయముగా కలియవలయును. గర్భము పదునొకండు మాసములు. ఎప్పుడు పుట్టినను పిల్లకు వయస్సు జనవరి ఒకటవ తేదినుండి లెక్కింతురు గనుక, ఏటి తొలినాళ్ళలో పుట్టిన పిల్లకు తోటివారికంటె కొన్ని మాసముల బలము కలిసివచ్చును. అందువలన ఫిబ్రవరి నడుమనుండి ఎండలు ముదురువఱకు ఈ క్షేత్రములకు ఊపిరి సలుపదు.

ఫాల్గుణమాసపు ఒక యుదయమున ఆ పని చూచితిని. మొదట తెచ్చినది ఆ ప్రసిద్ధాశ్వమును కాదు, వంశపత్రిక లేని ఒక పొట్టిగుఱ్ఱమును. మెత్తలు కుట్టిన చెక్క యడ్డునకు ఆవల ఆడుగుఱ్ఱమును నిలిపి, ఈవలనుండి ఈ పొట్టిదానిని మెడసాచి సకిలింపనిచ్చిరి. ఆడుగుఱ్ఱము చెవులు వెనుకకు వాల్చి తన్నినచో ఇంకను వేళ కాలేదన్నమాట. తోక ప్రక్కకు తీసి అడ్డునకు ఒఱిగినచో వేళ యైనదన్నమాట. అల్ట్రాసౌండు యంత్రము వచ్చిన పిమ్మటను ఈ పద్ధతిని వారు మానలేదు. సంగతి తేలగానే పొట్టిగుఱ్ఱమును లాగికొనిపోయిరి. దానిని పట్టుకొన్న సయీసు నావైపు చూచి, "దీన్ని టీజర్ అంటరు సారూ. షురువాత్ మొత్తం గిదే జేస్తది, అసలు యాళ్ళకు తీస్కపోయి అవుతల కట్టేస్తం. దీనికున్న ఓపిక ఆ పెద్దదానికి యాడుంటది!" అనెను.

ఇంగ్లండులో గొడాల్ఫిన్ ప్రభువు శాలలో అరబ్బు గుఱ్ఱమొకటి ఇట్టి చాకిరియే చేయుచుండెననియు, అచటి పేరుమోసిన బీజాశ్వము రోక్సానా యను ఆడుగుఱ్ఱమును కాదనుటచే ఈ సేవకునకు అవకాశము దక్కెననియు ఒక కథ కలదు. నిజమెంతయో కాని, ఆ గొడాల్ఫిన్ అరేబియన్, 1704లో అలెప్పో నగరమునుండి వచ్చిన డార్లీ అరేబియన్, అంతకు మునుపటి బయర్లీ టర్క్, ఈ మూఁటి సంతతియే నేటి థరోబ్రెడ్ జాతి మగవారి యందఱి మూలము. సయీసుకు ఆ కథ చెప్పితిని. "మా దాని నసీబు అట్ల లేదు" అని అతడు నవ్వెను.

అప్పటికి ఆడుగుఱ్ఱము తోకకు గుడ్డపట్టీ చుట్టి, వెనుకభాగము కడిగి, తన్నినను దెబ్బ తగులకుండ వెనుకకాళ్ళ డెక్కలకు మెత్తని జోళ్ళు తొడిగిరి. మెడపై తోలుకవచము కప్పిరి; మగగుఱ్ఱము ఆవేశమున పండ్లు దించునని భయము. ఒకడు పైపెదవిని త్రాటి ముడితో బిగించి పట్టుకొనెను. అటుపిమ్మట వచ్చినది కుమ్మైతు. దానిని పట్టువాడు పొడవైన పగ్గముతో ఎడమప్రక్కను నడచుచు, మాటతోనే దాని వేగమును తగ్గించుచుండెను. కార్యము ఒకటి రెండు నిమిషములు. తోక లయతో ఎగసిపడుటను బట్టి అది సఫలమైనదని నిర్ణయించిరి. మిత్రుడు రిజిస్టరులో తేది వ్రాసి సంతకము చేసెను. ఎవరును ఏమియు పలుకలేదు. ఇది శృంగారము కాదు, వినోదము కాదు. ప్రాణాపాయముతో కూడిన పని, ఆ నలుగురు మనుష్యులును అట్లే చేసిరి.

ఆ తేదినుండి లెక్కింపుడు. పిల్ల పుట్టుట మఱుసటి వసంతము. తల్లినుండి విడదీయుట ఆఱు నెలలకు. జీను వేయుట రెండవ యేట. ఇండియన్ డెర్బీవంటి మహాపందెములు నాలుగేండ్లవానికి గనుక, 2020 వసంతమున కలిపిన జంట మంచిదో చెడ్డదో నిశ్చయముగా తేలుట 2025 నాటికి. ఈ నడుమ కాలమున బీజాశ్వము ఏటేట మఱికొన్ని ఆడుగుఱ్ఱములను కలియుచునే యుండును. తొలిపంట తేలునాటికి నాలుగైదు పంటలు నేలమీద నిలిచియుండును. తప్పు జరిగియున్నచో దిద్దుకొనుటకు వేళ మించిపోవును. వ్యవసాయమున రైతు విత్తు మంచిచెడ్డలను నాలుగు నెలలలో ఎఱుగును. "విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా" యను సామెత ఆతనికి చెల్లును. ఈ గుఱ్ఱముల వారి యనుభవమున మొలచును, పలుమాఱులు మొలచును.

1983లో అమెరికాలో కీన్‌లాండ్ వేలమున స్నాఫీ డాన్సర్ అను ఏడాదిపిల్ల కోటి రెండు లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. తండ్రి నార్తర్న్ డాన్సర్. అంతకు మించిన తండ్రి లోకమున లేడు. ఆ పిల్ల ఒక్క పందెమునను పరుగెత్తలేదు. బీజాశ్వముగానైన ఉంచుదమనిన నలుగురికంటె ఎక్కువ బిడ్డలు పుట్టలేదు. తండ్రి కథ చూడుడు: తానే ఏడాదిపిల్లగా నున్నపుడు 25,000 డాలర్లకు అడుగువారు లేక యింటనే మిగిలి, 1964లో కెంటకీ డెర్బీ గెలిచినవాడు. సిగార్ అను మహాశ్వము పదునాఱు పందెములు వరుసగా గెలిచి, క్షేత్రమునకు వచ్చిన పిదప వంధ్యుడని తేలినది. సండే సైలెన్స్‌ను అమెరికా పెంపకందారులు చిన్నచూపు చూడగా జపాను కొనిపోయెను. 1995 మొదలు 2007 వఱకు వరుసగా పదుమూడేండ్లు ఆ దేశమున తండ్రులలో ప్రథమస్థానము దానిదే. మనదేశమున రజీన్ సంగతియు అంతే. నార్తర్న్ డాన్సర్ కొడుకు, 1990 ఎప్సమ్ డెర్బీలో అందఱి నమ్మికను మోసికొని బరిలో దిగి ఎక్కడనో వెనుకబడిపోయినవాడు, హర్యానాలోని ఉషా స్టడ్‌కు వచ్చి భారతీయాశ్వముల ముఖ్య జనకులలో నొకడయ్యెను.

బయటినుండి తెచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. కృష్ణరాయల కాలమునకు పిదప వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నునిజ్ విజయనగరపు రాజు ఏటేట పదుమూడు వేల ఓర్ముజు గుఱ్ఱములను కొనునని వ్రాసెను. గుఱ్ఱములు తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరించి తనవారిని చేసికొనుమని రాయలు ఆముక్తమాల్యదలో రాజునకు ఉపదేశించెను. పద్యములలో హయలక్షణములు వ్రాసిన మనుమంచి భట్టువంటివారుండియు, తెలుగునేలపై గుఱ్ఱమును కొనుట పెరిగినంతగా పెంచుట పెరుగలేదని నా యభిప్రాయము. నేల కూడ కొంత కారణము. కెంటకీ పచ్చికబయళ్ళ క్రింద సున్నపురాయి యున్నది, గడ్డిలోనే ఎముకలకు బలము. మేడ్చల్ నేల క్రింద నున్నది నల్లరాయి. ఇచట సున్నమును, భాస్వరమును దాణాలో కలిపి పెట్టవలసినదే.

కీర్తి కొడుకునుండి తండ్రికి ప్రాకుట యెట్లో తెలియుటకు మార్‌స్క్ అను గుఱ్ఱపు చరిత్రకంటె మంచి యుదాహరణము లేదు. కంబర్లండ్ డ్యూకు 1765లో మరణింపగా ఆయన గుఱ్ఱములను వేలము వేసిరి. మార్‌స్క్ కొద్దిపాటి ధరకు చేతులు మాఱి, పల్లెలలో అరగినీ రుసుమునకు నాటు గుఱ్ఱములను కలియుచు కాలము గడపెను. దాని కొడుకు, 1764 సూర్యగ్రహణమునాడు పుట్టి ఎక్లిప్స్ అను పేరు పొందినవాడు, 1769లో బరిలో దిగి పదునెనిమిది పందెములలో ఒక్కటియు ఓడలేదు. తండ్రి రుసుము నూఱు గినీలయ్యెను. సుమతీ శతకకారుడు పుత్రోత్సాహమును గూర్చి చెప్పినది ఈ ముసలిగుఱ్ఱమునకు రొక్కముగా ఫలించినది. ఎక్లిప్స్‌కు మాత్రము తన కాలమున జనకులలో అగ్రస్థానము ఎన్నడును దక్కలేదు. హెరడ్, వాని కొడుకు హైఫ్లయర్ ముందుండిరి. నేడు లోకమందలి థరోబ్రెడ్‌లలో అత్యధికముల పితృరేఖ ఎక్లిప్స్‌నకే చేరుచున్నది.

ఇంతవఱకు తండ్రుల మాటయే వ్రాసితిని. అందఱును వ్రాయునది అదియే. తల్లి పేరు వెనుక ఎందుకు పడినది? గుణములో తక్కువయై కాదు. పిల్లకు సగము రక్తము తల్లిది; పదునొకండు మాసముల గర్భవాసము, ఆఱు మాసముల పాలు, మంద నడుమ మెలగు తీరు, అన్నియు తల్లివే. కాని తల్లి ఏడాది కొక్క పిల్లను కనును, జన్మమొత్తమున పదియో పండ్రెండో. తండ్రికి ఒక్క యేటనే పదులకొలది. పదులకొలది పిల్లలలో ఒక గుణము మరల మరల కనబడినచో అది తండ్రిదని ఎవడైనను పోల్చగలడు. తల్లి గుణము తేలునాటికి ఆమె ముసలిదగును. కీర్తికి గుణముకంటె సంఖ్యయే హెచ్చు సాయపడినది. 1973లో బెల్మాంట్ పందెమును ముప్పదియొక్క గుఱ్ఱపు పొడవుల యెడముతో గెలిచిన సెక్రటేరియట్, తన కొడుకులలో తనంతటి జనకుని కనలేదని విమర్శకులు పెదవి విఱిచిరి. ఆతని కూఁతులలో టెర్లింగ్వా స్టార్మ్ క్యాట్‌ను, వీకెండ్ సర్‌ప్రైజ్ ఏ.పీ. ఇండీని, సీక్రెటేమ్ గాన్ వెస్ట్‌ను కనిరి. ఆ ముగ్గురును మహాజనకులైరి; వారి పితృరేఖలలో సెక్రటేరియట్ పేరు లేదు.

బీజము గొప్పదా క్షేత్రము గొప్పదా యను చర్చను మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము చేసినది. ఆవులు, ఆడుగుఱ్ఱములు మున్నగువాని యందు పుట్టినది క్షేత్రము గలవానిదే కాని బీజము వేసిన వానిది కాదని అచట నిర్ణయము. శామీర్‌పేట క్షేత్రమున నేటి యొప్పందపు కాగితము చెప్పునదియు ఇదియే: పిల్ల ఆడుగుఱ్ఱపు యజమానిది, బీజాశ్వము యజమానికి రుసుము మాత్రమే, అదియు పలు ఒప్పందములలో పిల్ల ప్రాణముతో పుట్టి లేచి నిలువబడి పాలు త్రాగినపుడే.

కుమ్మైతు యజమానికి ఈ నడుమ క్రొత్త చిక్కు వచ్చినది. దాని గెలిచిన కూఁతులను తానే కొని, పరుగులు మాన్పించి తన బయళ్ళకు తెచ్చుకొనెను, అడిగినవారికి ఇయ్యలేదు. ఇపుడు కంచె ఈవల మేయుచున్న మంచి ఆడుగుఱ్ఱములలో సగము ఆ బీజాశ్వము బిడ్డలే, తండ్రిని కలుపుటకు వీలులేనివి. రుసుము చెల్లించి ఆ బీజాశ్వము కొఱకు బయటి గుఱ్ఱములు బారులు తీరుచుండగా, ఇంటి బిడ్డలను లారీ యెక్కించి పుణె పంపవలయునో, మఱియొక బీజాశ్వమును దిగుమతి చేయవలయునో తేల్చుకొనలేక ఆయన మా మిత్రుని సలహా అడుగుచున్నాడు. ఐర్లండునుండి ఒక అమ్మకపు జాబితా వచ్చినది. అందు మొదటి పుటలో తండ్రులున్నారు. మిత్రుడు వెనుకనుండి, తల్లుల పుటనుండి చదువుచున్నాడు.