కులం: గుణమా, వ్యవస్థా? – ‘లవణరాజు కల’, ‘యజ్ఞం’ రచనల పరిశీలన

కులం వ్యక్తి గుణదోషాలకు సంబంధించినదా, లేక భూమిని, శ్రమను, రుణాన్ని, తీర్పును అంతస్తులుగా పేర్చే సామాజిక వ్యవస్థా? ఉత్తరాంధ్ర సాహిత్యంలో ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానాలు కనిపిస్తాయి. ఒకటి విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు (1862–1915) ‘లవణరాజు కల’. రెండవది శ్రీకాకుళం జిల్లా మురపాకకు చెందిన కాళీపట్నం రామారావు (1924–2021) ‘యజ్ఞం’.

యోగవాసిష్ఠంలోని లవణోపాఖ్యానాన్ని గురజాడ ముత్యాలసరాల ఛందస్సులో పునస్సృష్టించాడు. మూలంలో రాజు అనుభవం జగన్మిథ్యకు దృష్టాంతం. గురజాడ చేతిలో అది కులవిమర్శగా మారింది. మనుషులను విభజించదగిన కొలబద్ద మంచి చెడ్డలే అన్నది కావ్యసారం. జన్మను కాదని గుణాన్ని ప్రమాణం చేయడం ఆనాటికి సాహసమే. అయితే అంతస్తు దిగినవాడు రాజు, దిగినది కలలో. మేల్కొన్నాక సింహాసనం యథాస్థానంలోనే ఉంది.

‘యజ్ఞం’లో దిశ తారుమారవుతుంది. సుందరపాలెంలో దళిత రైతు అప్పల్రాముడు భూమి ఆధారంగా పైకి రాజూస్తాడు. గోపన్న వద్ద చేసిన అప్పు ఆ భూమికే ఎసరు పెడుతుంది. పెద్దమనిషి శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ధర్మం, గ్రామప్రతిష్ఠ కోరేవాడే. అప్పల్రాముడూ మాట తప్పలేక చివరకు భూమి వదులుకోవడానికి సిద్ధపడతాడు. అంటే ఇక్కడ మంచితనానికి కొరత లేదు. ఆ మంచితనమే అతని పతనానికి సాధనమైంది. గురజాడ కొలబద్ద ఈ సభలో పనిచేయకపోవడానికి కారణం ఇదే: స్తరీకరణకు దుష్టులు అక్కరలేదు, అందరూ నియమాన్ని పాటిస్తే చాలు.

సీతారాముడు కన్నబిడ్డను నరికిన ముగింపుపై విమర్శకులలో దీర్ఘమైన చర్చ జరిగింది. దానిని కేవలం ఆవేశంగానో, కేవలం రుణపీడనగానో చదివితే అసంపూర్ణం. భూమి పోతే మిగిలేది కంబారితనం. అది తరతరాల వారసత్వం. కులం పుట్టుకతో సంక్రమించేది గనుకనే అతని తిరుగుబాటు వారసుడిపై పడింది. శీర్షికలోని వ్యంగ్యమూ ఇదే: ధర్మనిర్ణయమనే క్రతువుకు పశువు కిందిమెట్టు నుంచే వస్తుంది.

‘యజ్ఞం’ గురజాడను తిరస్కరించలేదు. ఆయన ఆదర్శం నిలవడానికి గుణపరివర్తన చాలదని, భూమి, తీర్పు చేసే అధికారం కూడా చేతులు మారాలని నిరూపించింది.