తెరిచిందెవరో తేలేదాకా

డిస్క్ 95 శాతం నిండిందని అలర్ట్ రాగానే డేటాబేస్‌లు చూసుకునే మా రంగంలో వినిపించే మాటలు రెండే. ఇంకో వంద జీబీ పెంచేద్దాం, లేదంటే సర్వర్ రీస్టార్ట్ చేసేద్దాం. రెండూ పనిచేస్తాయి, ఆ పూటకి. నాకు బాధ కలిగించేదీ అదే. గండం గడిచింది కదా అని ఎవరూ మళ్లీ ఆ వైపు చూడరు. కొన్నాళ్లకు అదే అలర్ట్, అదే అర్ధరాత్రి ఫోను, నిద్రపోవాల్సిన ఇంకో కుర్రాడు కళ్లు నులుముకుంటూ ల్యాప్‌టాప్ ముందు.

డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండడానికి చాలా కారణాలుంటాయి. అసలు డేటా పెరగొచ్చు, లాగ్ ఫైళ్లు పేరుకుపోవచ్చు, ఎప్పుడో తీసిన బ్యాకప్ అక్కడే ఉండిపోవచ్చు. ఇవన్నీ వెతికితే దొరుకుతాయి. మేం టెంప్ అని పిలుచుకునే తాత్కాలిక జాగా సంగతి వేరు. పెద్ద రిపోర్టు అడిగితే లక్షల వరసల్ని పోగేయాలి, కూడాలి, క్రమంలో పెట్టాలి. మెమరీ చాలనప్పుడు డేటాబేస్ ఆ చిత్తు పనంతా డిస్క్ మీద చేసుకుంటుంది. ప్రోగ్రామర్ తనంతట తాను టెంపరరీ టేబుల్ కట్టుకున్నా అది అక్కడికే చేరుతుంది. ఆ టేబుల్ దాన్ని కట్టిన సెషన్‌ది, అంటే ఆ కనెక్షన్ తెరిచి ఉన్నంతసేపటిది. సెషన్ ముగిస్తే పోతుంది, ముగియకపోతే ఉంటుంది. లాడ్జి గది ఖాళీ చేయకుండా తాళం జేబులో వేసుకుని ఊరెళ్లిపోయిన మనిషిని ఊహించుకోండి. గదిలో ఎవరూ ఉండరు, రిజిస్టర్‌లో పేరుంటుంది, ఆ గది ఇంకొకరికి ఇవ్వడానికి ఉండదు. మూయకుండా వదిలేసిన కనెక్షన్ చేసేది ఇదే.

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక సంస్థవాళ్లు తమ మైఎస్‌క్యూఎల్ 8.0 సర్వర్ చూడమని పిలిచారు. డిస్క్ రోజూ నిండుతోంది, వాళ్లు రోజూ ఏదో ఒకటి చెరిపి నెట్టుకొస్తున్నారు. నేను వెళ్లేసరికి కాస్తే మిగిలి ఉంది. అక్కడి కుర్రాడు కంగారుపడుతున్నాడు. "అన్నా, రీస్టార్ట్ కొట్టేద్దామా? ఐదు నిమిషాల పని." వద్దన్నాను. "కొడితే జాగా వస్తుంది తమ్ముడూ, దానితోపాటు సాక్ష్యం కూడా పోతుంది. ముందు ఎవరు పట్టుకున్నారో చూద్దాం."

మైఎస్‌క్యూఎల్ 5.7లో అయితే ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం. మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ అయిన ఇన్నోడీబీ తాత్కాలిక టేబుళ్లన్నీ కలిసి ఐబీటీఎంపీ1 అనే ఒకే ఫైల్‌లో ఉండేవి. 12 ఎంబీతో మొదలై ఎంతైనా పెరిగేది. పెరిగిందంటే రీస్టార్ట్ దాకా తగ్గేది కాదు. అందులో ఎవరి వాటా ఎంతో తేల్చడానికి తల ప్రాణం తోకకొచ్చేది. 2018లో వచ్చిన 8.0.13 నుంచి ఈ పద్ధతి మారింది. ఒక్కో సెషన్‌కు విడిగా ఐబీటీ అనే చిన్న ఫైల్ ఇస్తారు. సర్వర్ లేవగానే అలాంటివి 10 తయారుగా పెట్టుకుంటుంది, కావాలంటే ఇంకొన్ని చేసుకుంటుంది. సెషన్ తెగగానే ఆ ఫైల్‌ను కుదించి మళ్లీ గుంపులో పడేస్తుంది. ఏ ఫైల్ ఏ సెషన్ చేతిలో ఉందో, ఎంత సైజుందో చూపించే పట్టిక కూడా ఇన్ఫర్మేషన్ స్కీమాలో ఉంది. ఇది చేసిపెట్టిన ఇంజినీర్ల మీద నాకు నిజంగా గౌరవం. మాలాంటివాళ్లకు ఎన్ని రాత్రుల నిద్ర మిగిల్చారో!

ఆ పట్టిక తెరిస్తే వాడకుండా పడి ఉన్న ఫైళ్లు 80 కేబీ దగ్గరే ఉన్నాయి. మరికొన్ని మాత్రం ఒక్కోటీ జీబీ దాటిపోయాయి. వాటి పక్కనున్న సెషన్ నంబర్లు తీసుకుని ప్రాసెస్‌లిస్ట్‌లో చూశాం. అన్నీ ఒకే రిపోర్టుల యాప్ నుంచి వచ్చినవి. కమాండ్ దగ్గర స్లీప్ అని ఉంది. టైమ్ దగ్గర చూస్తే ఒకదానికి 9 వేల సెకన్లు, ఇంకోదానికి 19 వేలు, మరోదానికి 26 వేలు. ఏ పనీ చేయకుండా గంటలకొద్దీ కూర్చుని, జీబీలు పట్టుకుని ఉన్నాయి.

అప్పుడు డిస్క్ గ్రాఫ్ తెరిపించాను. ఉదయం 10 గంటలకు ఒక మెట్టు పైకి, 11కి ఇంకో మెట్టు. సాయంత్రం 6కి ఒక మెట్టు కిందికి, 7కి ఇంకోటి. ఎక్కిన ప్రతి మెట్టూ సరిగ్గా 8 గంటల తర్వాత దిగుతోంది. మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమ్‌అవుట్ అనే సెట్టింగ్‌ను ఎవరూ ముట్టుకోకపోతే 28,800 సెకన్లు ఉంటుంది. అంటే 8 గంటలు. అంతసేపు ఉలుకూ పలుకూ లేని కనెక్షన్‌ను సర్వరే తెంపేస్తుంది. యాప్ మూయాల్సిన కనెక్షన్లను గడువు తీరాక సర్వర్ మూస్తోందన్నమాట. ఆ గ్రాఫ్ వాళ్ల గోడమీది టీవీలో రోజంతా కనిపిస్తూనే ఉంది. అందరి చూపూ ఎంత నిండిందన్న అంకె మీదే ఉండిపోయింది.

మిగతా కథ కోడ్‌లో దొరికింది. జావాలో రాసిన ఫంక్షన్ అది. కనెక్షన్లను ముందే తెరిచి ఉంచే పూల్ నుంచి ఒక కనెక్షన్ తీసుకుంటుంది, టెంపరరీ టేబుల్ కడుతుంది, పీడీఎఫ్ తయారుచేస్తుంది, ఆఖరి వరసలో కనెక్షన్ మూస్తుంది. పిన్‌కోడ్ ఖాళీగా ఉన్న ఖాతా ఒకటి తగిలితే చాలు, పీడీఎఫ్ దగ్గర ఎక్సెప్షన్ వచ్చి ప్రోగ్రామ్ ఆ ఆఖరి వరస దాకా రాకుండానే బయటికి దూకేస్తుంది. రిపోర్టు రాలేదని వాడేవాళ్లు మళ్లీ నొక్కుతారు. నొక్కినప్పుడల్లా ఇంకో కనెక్షన్, ఇంకో జీబీ. ఏం జరిగినా మూసి తీరేలా రాసే పద్ధతి జావా 7తో, అంటే 2011లోనే వచ్చింది. తెరిచే వరసలోనే మూసే బాధ్యత కూడా రాసేయడం. మార్చడానికి నిండా పది నిమిషాలు పట్టదు.

అంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది పూల్ సైజు. వాళ్లు వాడే పూల్ లైబ్రరీ హికారీసీపీలో అది మామూలుగా 10 ఉంటుంది. కనెక్షన్లు దొరకడం లేదని యాప్ ఎప్పుడో మొత్తుకుంటే ఎవరో దాన్ని 100 చేశారు. మైఎస్‌క్యూఎల్ మామూలు గరిష్ఠ పరిమితి 151. కాబట్టి డేటాబేస్ వైపు నుంచీ పేచీ రాలేదు. 10 దగ్గరే ఉంచి ఉంటే యాప్ ఆ రోజే ఆగిపోయేది, కారణం ఆ రోజే వెతికేవారు. తొలి హెచ్చరిక నోరు నొక్కేశాక అదే తప్పు డిస్క్ రూపంలో, ఇంకెక్కడో, ఇంకో టీమ్ నెత్తిన పడింది.

పూల్ విషయంలో చాలామంది తడబడే సంగతి ఇంకోటుంది. అరగంటకోసారి కనెక్షన్లను పూలే మార్చేస్తుంది కదా, మూయక లీకైనవీ పోతాయిలే అనుకుంటారు. పోవు. ఆ 30 నిమిషాల గడువు తిరిగి వచ్చిన కనెక్షన్లకే వర్తిస్తుంది, ఎవరి చేతిలోనో ఉన్నదాన్ని పూల్ ముట్టుకోదు. తిరిగి ఇచ్చినవీ డేటాబేస్ దృష్టిలో ముగిసినట్టు కాదు. పూల్‌కు ఇచ్చేయడమంటే సెషన్ తెగడం కాదు. టెంపరరీ టేబుల్‌ను డ్రాప్ చేయకపోతే, తర్వాత ఆ కనెక్షన్ అందుకున్నవాడి నెత్తిన అది అలాగే ఉంటుంది. డ్రాప్ చేసినా లోపలి జాగా మళ్లీ వాడుకోవడానికి పనికొస్తుందే గానీ ఐబీటీ ఫైల్ కుదించుకుపోయేది సెషన్ తెగినప్పుడే.

ఈ జబ్బు ఒక్క మైఎస్‌క్యూఎల్‌ది కాదు. ఒరాకిల్‌లో తాత్కాలిక లాబ్‌లు, అంటే పెద్ద డేటా ముక్కలు, విడిపించకుండా సెషన్లు నడుపుతూ పోతే టెంప్ టేబుల్‌స్పేస్ నిండుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో టెంప్ ఫైళ్లకు పరిమితి పెట్టొచ్చు, కానీ మనం కట్టిన టెంపరరీ టేబుళ్లు ఆ లెక్కలోకి రావు. ఊరికే కూర్చున్న సెషన్‌ను తెంపే సెట్టింగ్ అందులో 2021లో, 14వ వెర్షన్‌తో వచ్చింది. పైథాన్‌లో సైకోపీజీ2 వాడేవాళ్లకో మాట: కనెక్షన్‌ను విత్ బ్లాక్‌లో పెడితే ముగిసేది లావాదేవీ మాత్రమే, కనెక్షన్ తెరిచే ఉంటుంది. మూయడం వేరుగా రాయాలి.

చివరికి ఆ సంస్థలో సర్వర్ రీస్టార్ట్ చేయలేదు. ఆ నిద్రపోతున్న సెషన్ల వివరాలు రాసుకుని, పెద్దవాటిని ఒక్కొక్కటే తెంపాం. తెంపిన కొద్దీ డిస్క్ దిగింది. కోడ్ మార్చారు. కనెక్షన్ తీసుకుని నిమిషం దాటినా తిరిగివ్వకపోతే, తీసుకున్న చోటు లాగ్‌లో రాసేలా హికారీలో లీక్ గుర్తింపు ఆన్ చేయించాను. అది ఉన్నా మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. పూల్ 10కి దించమన్నాను, 20 దగ్గర ఒప్పుకున్నారు. గోడమీది టీవీలో డిస్క్ శాతం పక్కన ఇప్పుడు ఇంకో గడి ఉంది. అన్నిటికంటే ఎక్కువసేపటి నుంచి స్లీప్‌లో ఉన్న సెషన్ ఏది, ఏ యాప్‌ది, ఎన్ని సెకన్ల నుంచి అన్నది అందులో కనిపిస్తుంది.